సంచిలోని నీరు, తొట్టిలోని నీరు

ఉప్పునీటి తొట్టి పెట్టుకున్న మొదటి ఏడాదిలో నేను కోరల్ బ్యూటీ అనే చిన్న ఏంజెల్ చేపను తెప్పించుకున్నాను. ముదురు నీలం ఒంటికి ఇరుపక్కలా నిప్పుకణికల్లాంటి నారింజ రంగుతో మెరిసిపోయిన ఆ చేప మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా పూర్తిగా గడపలేదు. నా అశ్రద్ధ వల్ల చనిపోయి ఉంటే ఈపాటికి దాన్ని మరచిపోయేదాన్నేమో. శ్రద్ధ ఎక్కువై చనిపోయింది కనుకనే ఇప్పటికీ గుర్తుంది.

దాదాపు ముప్పై గంటల ప్రయాణం తర్వాత చేప ఉన్న పెట్టె ఇంటికి చేరింది. కొత్త చేపను తొట్టి నీటికి ఎంత నెమ్మదిగా అలవాటు చేస్తే అంత మంచిదని అప్పటికే చాలా చోట్ల చదివి ఉన్నాను. అందుచేత సంచి విప్పి, చేపను అందులోని నీటితో సహా చిన్న బకెట్‌లోకి ఒంపి, తొట్టి నుంచి సన్నని గొట్టం వేసి, సెకనుకు రెండు చుక్కల చొప్పున నీరు పడేలా గొట్టానికి ముడి బిగించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అరగంట గడిచేసరికి చేప మొప్పలు వేగంగా కొట్టుకోసాగాయి. పాపం బెదిరిందనుకుని, ఇంకా మెల్లగా కానిద్దామని ముడిని మరికాస్త బిగించాను. రెండున్నర గంటల తర్వాత తొట్టిలోకి వదిలినప్పుడు అది ఈదుకుంటూ వెళ్లలేదు. ఒక రాతి పక్కకు ఒరిగి అలాగే ఉండిపోయింది. తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

ఆ రెండున్నర గంటల్లో బకెట్‌లో ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. మూతి కట్టిన సంచిలో చేప శ్వాసిస్తున్నంతసేపూ కార్బన్ డయాక్సైడ్ ఆ కొద్దిపాటి నీటిలో కరుగుతూ పోతుంది, నీటి పీహెచ్ పడిపోతూ ఉంటుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 ప్రాంతంలో ఉంటే, సుదీర్ఘ ప్రయాణం చేసిన సంచిలో అది 7 దాకా, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. అదే సమయంలో చేప తన మొప్పల గుండా అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది. వినడానికి రెండూ చెడ్డ సంగతులే అయినా, వీటిలో ఒకదాని కీడును రెండోది అణచి ఉంచుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్న నీటిలో అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలోకి మారి ఉంటుంది. ఆ రూపంలో అది మొప్పల పొరను సులువుగా దాటి చేప ఒంట్లోకి వెళ్లలేదు. పీహెచ్ 7 వద్ద విషరూపంలో ఉండే అమ్మోనియా మొత్తంలో నూటికి ఒక పాలు కూడా ఉండదు. సంచి మూతి విప్పగానే ఈ ఏర్పాటు చెదిరిపోతుంది. కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోవడంతో పీహెచ్ పైకి లేస్తుంది, మనం చుక్కలు చుక్కలుగా కలుపుతున్న తొట్టి నీరు దాన్ని ఇంకా పైకి తీసుకుపోతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషరూపంలో ఉన్న అమ్మోనియా వాటా ఇంచుమించు పది రెట్లవుతుంది, 8.2కు చేరేసరికి అది నూటికి ఆరేడు పాళ్లు.

తొట్టి నీరు కలిసేకొద్దీ అమ్మోనియా పలచబడుతుంది కదా అని నేనూ అనుకున్నాను. పలచబడే మాట నిజమే. అయితే బకెట్‌లో నీరు రెండింతలైనప్పుడు అమ్మోనియా సగానికి తగ్గుతుంది. ఆ లోపలే దాని విషరూపం పది రెట్లకు పెరిగి ఉంటుంది. ముప్పై గంటలు సంచిలో క్షేమంగా వచ్చిన చేపను, గమ్యం చేరాక నేను విషంలో నిలబెట్టాను. చేప ఎగశ్వాస పీలుస్తూ నాకు చెప్పింది అదే. నేను దాన్ని భయంగా చదివాను.

దగ్గరలోని దుకాణం నుంచి గంటలోపు ఇంటికి తెచ్చిన చేపకు ఈ లెక్క అంతగా వర్తించదు. ఆ కాస్త సమయంలో సంచిలో అమ్మోనియా పేరుకోదు, పీహెచ్ పెద్దగా పడదు, అరగంట సేపు కొద్దికొద్దిగా తొట్టి నీరు కలిపినా నష్టమేమీ ఉండదు. చేపలను ఏళ్ల తరబడి అలాగే అలవాటు చేసి ఏ ఇబ్బందీ పడనివారు చాలామంది ఉన్నారు, వారి మాట అబద్ధమని నేను అనను. వారి పద్ధతిని సుదీర్ఘ ప్రయాణం చేసి వచ్చిన సంచికి ఎత్తి వాడుకోవడమే నేను చేసిన తప్పు. రొయ్యలు, నత్తలు, నక్షత్ర చేపల విషయం వేరు. అవి తమ ఒంట్లోని ఉప్పును చేపల్లా అదుపు చేసుకోలేవు, చుట్టూ ఉన్న నీటిని బట్టి మారవలసిందే. కనుక వాటికి మాత్రం ఇప్పటికీ నేను గొట్టానికి ముడి వేసి చుక్కల పద్ధతినే పాటిస్తున్నాను.

అయితే సంచిలోంచి తీసి వెంటనే తొట్టిలో వేసేస్తే సరిపోతుందా అంటే, అక్కడ లవణీయత అడ్డు వస్తుంది. సముద్రంలో ఉండే ఎముక చేపల రక్తంలోని లవణాలు సముద్రపు నీటిలోని లవణాల్లో ఇంచుమించు మూడో వంతు మాత్రమే. అందువల్ల వాటి ఒంట్లోని నీరు ఎడతెగకుండా బయటికి పోతూ ఉంటుంది; నిండా నీటిలో ఉండి కూడా అవి నిత్యం దాహంతో ఉన్నట్టే లెక్క. ఆ లోటు పూడ్చుకోవడానికి అవి ఉప్పునీటినే తాగి, అందులోని అదనపు ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి నెట్టేస్తాయి. ఉప్పు ఎక్కువున్న నీటి నుంచి తక్కువున్న నీటికి మారినప్పుడు ఈ భారం తగ్గుతుంది కనుక, మార్పు మరీ పెద్దది కాకపోతే చేప తట్టుకుంటుంది. తక్కువ నుంచి ఎక్కువకు ఒక్కసారిగా మారితే మాత్రం ఒంట్లోని నీరు లోటు పూడ్చుకోగలిగిన దానికన్నా వేగంగా పోతుంది. దీని దెబ్బ ఒక్కోసారి అప్పటికప్పుడు కనబడదు. చేప ఒకటి రెండు రోజులు బాగున్నట్టే ఉండి, ఆ తర్వాత నీరసించి చనిపోతుంది. ఈలోగా మనం మేత మీదనో, తోటి చేపల మీదనో అనుమానం పెట్టుకుంటాం.

పైగా ఈ మార్పు సాధారణంగా చేపకు కష్టమైన దిశలోనే ఉంటుంది. పగడాలు పెంచే ఇంటి తొట్టిలో లవణీయత సముద్రంలో మాదిరిగానే 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 35 పాళ్ల ఉప్పు) దగ్గర ఉంటుంది. చేపలను మాత్రమే ఉంచే అమ్మకపు తొట్లలో చాలాచోట్ల దాన్ని కావాలనే తక్కువగా ఉంచుతారు; ఉప్పు ఆదా అవుతుంది, కొన్ని పరాన్నజీవులకు ఆ నీరు సరిపడదు, చేపకూ కొంత సుఖం. ఆ సుఖం నుంచి మన 35లోకి దూకవలసింది మాత్రం చేపే.

సంచిలో నీరు మార్చుతూ కూర్చుంటే అమ్మోనియా, ఒక్కసారిగా వదిలితే ఉప్పు. ఈ ఇరకాటం నుంచి బయటపడే దారి తెలిశాక ఇంత తేలికైన సంగతి నాకెందుకు తట్టలేదా అనిపించింది. చేపను మన నీటికి తగినట్టు మార్చే పనిని ఆ కాసిన్ని గంటల్లో పెట్టుకోకుండా, చేప రాకముందే, కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టి నీటిని చేపకు తగినట్టు మార్చిపెట్టుకోవాలి. ఆ తర్వాత ఆ తొట్టిలోనే, రోజుల మీద, దాన్ని మన నీటి దాకా నడిపించుకుని రావాలి.

ఇటీవల తెప్పించిన రాయల్ గ్రామా విషయంలో ఎలా చేశానో చెబుతాను. తల నుంచి నడుము దాకా ఊదా, అక్కడి నుంచి తోక దాకా పసుపు రంగులో ఉండే ఈ చిన్న చేప కరీబియన్ సముద్రపు పగడపు దిబ్బల్లోని గుహల్లో బతుకుతుంది. పంపే ముందు రోజు అమ్మినవారికి ఫోన్ చేసి వారి నీటి లవణీయత అడిగితే, తడుముకోకుండా 27 అన్నారు. "ఈరోజు కొలిచి చెప్పగలరా అండీ?" అని అడిగాను. నవ్వుతూనే వెళ్లి కొలిచి వచ్చి 29 అన్నారు. అలవాటుగా చెప్పే అంకెకూ తొట్టిలోని నీటికీ ఆపాటి తేడా ఎక్కడైనా ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంటుంది. నేను క్వారంటైన్ తొట్టిని 29కి సిద్ధం చేసి, పక్కనే ఒక జగ్గులో అంతే వెచ్చదనం ఉన్న ఆర్వో నీటిని, మరొక జగ్గులో ఉప్పు కలిపిన నీటిని పెట్టుకున్నాను. సంచి విప్పాక తేడా కనబడితే తొట్టినే సరిదిద్దడానికి.

కొలిచే పరికరం గురించి కూడా చెప్పాలి. నా దగ్గర మొదట్లో ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ ఉండేది. దాని ముల్లుకు ఒక్క గాలి బుడగ అంటుకుంటే చాలు, లేని ఉప్పును ఉన్నట్టు చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటర్ మేలు, కానీ దాన్ని మంచినీటితో సున్నాకు సరిచేసినంత మాత్రాన 35 దగ్గర కూడా సరిగ్గా చూపిస్తుందన్న హామీ లేదు. 35 పీపీటీ ప్రామాణిక ద్రావణం చిన్న సీసా ఒకటి కొని, చేప వచ్చే ముందు రోజు దానితో సరిచూసుకుంటాను. నాది ఒకసారి రెండు పీపీటీ తక్కువ చూపిస్తూ పట్టుబడింది. అది ఎన్ని నెలల నుంచి అలా ఉందో ఆలోచించడం అనవసరమని ఊరుకున్నాను.

పెట్టె వచ్చిన రోజున గదిలో దీపాలు తగ్గించి మూత తీశాను. చాలా గంటలు చీకటిలో ఉన్న చేప కళ్లలోకి ఒక్కసారిగా వెలుతురు కొడితే అది సంచిలోనే గింజుకుంటుంది. సంచిని విప్పకుండా, మూతి కట్టి ఉండగానే, ఇరవై నిమిషాలు క్వారంటైన్ తొట్టిలో తేలనిచ్చాను. ఉష్ణోగ్రత సమం కావడానికి అంత సమయం చాలు, సంచి మూసి ఉంది కనుక లోపలి పీహెచ్ కదలదు. ఆ తర్వాత సంచి కోసి, రెండు చుక్కలు రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి చూస్తే 28. ఒక్క పీపీటీ తేడాకు తొట్టిని కదపనక్కరలేదు. చేపను ప్లాస్టిక్ గిన్నెతో పట్టి, చేయి అడ్డుపెట్టి నీరు మొత్తం వంపేసి, తొట్టిలోకి జారవిడిచాను. సంచి కోసినప్పటి నుంచి చేప తొట్టిలో పడేవరకూ ఐదు నిమిషాలు పట్టలేదు. ఒకప్పుడు రెండున్నర గంటలు పట్టిన పని ఇది.

వలకు బదులు గిన్నె వాడడానికి కారణం ఉంది. ఏంజెల్ చేపల చెంప దగ్గర ముల్లు, టాంగ్ చేపల తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు వల దారాల్లో చిక్కుకుంటాయి, విడిపించే తొందరలో చేప ఒంటి మీది జిగురు పొర చెదురుతుంది. పఫర్ చేపనైతే నీటిలోంచి పైకి ఎత్తనే కూడదు. బెదిరి గాలి మింగి ఉబ్బితే, ఆ గాలిని బయటికి వదలడం దానికి కష్టమవుతుంది. సంచిలోని నీటిని మాత్రం ఏ పరిస్థితిలోనూ మన తొట్టిలో పోయకూడదు. అందులో అమ్మోనియా సంగతి సరేసరి, అమ్మినవారు వాడిన రాగి మందు ఉండవచ్చు, పరాన్నజీవుల పిల్లలూ ఉండవచ్చు.

నా క్వారంటైన్ తొట్టి చూడడానికి ఏమీ బాగుండదు. ఇసుక లేదు, రాళ్లు లేవు. ఉన్నవల్లా హీటర్, మూత, ముందు నెల రోజులు పెద్ద తొట్టి సంప్‌లో (దాని నీరు వడకట్టే తొట్టిలో) నానిన స్పాంజి ఫిల్టర్, నాలుగు పీవీసీ గొట్టపు ముక్కలు. స్పాంజిని అలా ముందుగా నానబెట్టకపోతే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా అందులో ఉండదు, సంచిలో తప్పించిన విషాన్ని తొట్టిలో మళ్లీ తయారు చేసినట్టవుతుంది. రాళ్లు, పగడపు ఇసుక లేకపోవడం ఎందుకంటే, రాగి మందు వాడవలసి వస్తే సున్నపు గుణం ఉన్న ఆ వస్తువులు రాగిని పీల్చేసుకుంటాయి. గ్రామా గొట్టపు ముక్కల్లోకి దూరి మర్నాడు మధ్యాహ్నం దాకా ముక్కు మాత్రమే చూపించింది. దాక్కున్న చేపను చూసి కంగారు పడవలసిన పని లేదు. దాక్కోవడానికి చోటు లేక తొట్టి మూలన నిలబడి వణుకుతున్న చేప గురించే కంగారు పడాలి.

నీటిని 29 నుంచి 35కు తీసుకురావడానికి వారం పైన పట్టింది. రోజుకు ఒక పీపీటీకి మించి పెంచలేదు. ఇందుకు నేను పాటించే ఉపాయం చాలా చిన్నది: ఆవిరైపోయిన నీటి బదులు మామూలుగా మంచినీరు పోస్తాము కదా, ఈ రోజుల్లో మాత్రం ఆ బదులు నీటిలో ఉప్పు కలిపి పోస్తాను. దానికి తోడు వారానికి రెండు సార్లు నీరు మార్చినప్పుడు కొత్త నీటిని కాస్త ఎక్కువ ఉప్పుతో కలుపుతాను. చేపకు ఏ పూటా తెలియనంత మెల్లగా అంకె పైకి పోతుంది. నెమ్మదితనానికి చోటు ఇక్కడ ఉంది, బకెట్‌లో కాదు.

క్వారంటైన్ ఎందుకు, నేరుగా పెద్ద తొట్టిలో వేస్తే ఏం అని అడిగేవారికి తెల్ల మచ్చల జబ్బును తెచ్చే క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి బతుకుతీరు చెబుతాను. అది చేప ఒంటి మీద మూడు నుంచి ఏడు రోజులు ఉండి, రాలిపోయి, రాళ్లకో అడుగుకో అంటుకుని గూడు కట్టుకుంటుంది. మచ్చలు పోయాయి, జబ్బు నయమైంది అని మనం సంబరపడేది సరిగ్గా అప్పుడే. గూటిలో అది విడివిడిగా చీలి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల తర్వాత వందల సంఖ్యలో పిల్లలు బయటికి వచ్చి చేపలను వెతుక్కుంటాయి. పెద్ద తొట్టిలోకి ఒక్కసారి వచ్చిందంటే, దాన్ని వదిలించడానికి చేపలన్నింటినీ బయటికి తీసి ఆ తొట్టిని చాలామంది పాటించే లెక్క ప్రకారం 76 రోజులు ఖాళీగా ఉంచవలసి వస్తుంది. వెల్వెట్ అనే మరో జబ్బు అంత సమయం కూడా ఇవ్వదు; రోజుల్లో తొట్టిని ఖాళీ చేస్తుంది. నెల రోజులు చిన్న తొట్టిలో చూసుకుంటే ఈ రెండూ సాధారణంగా బయటపడతాయి.

మేత దగ్గర నేను తొందరపడను. వచ్చిన రోజు ఏమీ వేయను. రెండో రోజు సాయంత్రం గడ్డకట్టిన మైసిస్ రొయ్యలను తొట్టి నీటిలో కరిగించి, వంటింటి సిరంజి లాంటి పొడవాటి పిచికారీతో గొట్టం ముందు రెండు మూడు మాత్రమే వదిలాను. గ్రామా ఒకటి నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. మూడో రోజూ అంతే. తినని ప్రతిదాన్నీ అరగంటలో పిచికారీతోనే లాగేశాను, లేకపోతే అవి కుళ్లి నీటిని పాడుచేస్తాయి. నాలుగో రోజు గొట్టంలోంచి బాణంలా వచ్చి, ఒకటి లాక్కుని వెనక్కి పోయింది. టాంగ్ అయితే సముద్రపు నాచు ఆకును క్లిప్‌కు తగిలించి వదిలేస్తే రోజంతా దాన్ని గీకుతూ తింటుంది. మాండరిన్ చేప సంగతి వేరు. అది రోజంతా రాళ్ల మీద కంటికి కనబడీ కనబడని కోపిపాడ్‌లను ఏరుకుని తింటుంది. బోడి క్వారంటైన్ తొట్టిలో దానికి ఆకలి తప్ప మరేమీ దొరకదు. అందంగా ఉందని దాన్ని కొత్తవారికి అమ్మడం నాకు నచ్చదు, ఆ మాట అమ్మేవారికే చెప్పాను.

ఐదో వారంలో గ్రామాను పెద్ద తొట్టికి మార్చాను. రెండు తొట్ల నీరూ అప్పటికి ఒకటే కనుక నీటి గొడవ లేదు. ఇప్పుడు గొడవంతా ఇరుగుపొరుగుతో. పెద్ద తొట్టిలో రెండేళ్లుగా పాతుకుపోయిన క్లౌన్ చేపల జంట ఉంది. అందులో పెద్దది, అంటే ఆడది, నీళ్లలో పెట్టిన నా చేతినే కొరుకుతుంది. అందుచేత చిల్లులున్న పారదర్శకమైన పెట్టెను లోపలి గోడకు తగిలించి, గ్రామాను మూడు రోజులు అందులో ఉంచాను. మొదటి రోజంతా క్లౌన్ చేప ఆ పెట్టె చుట్టూ తిరిగి ముక్కుతో పొడిచింది. రెండో రోజు మధ్యమధ్యలో వచ్చి చూసి పోయింది. మూడో రోజు మేత వేసినప్పుడు పెట్టె వైపు తిరగనే లేదు. టాంగ్ లాంటి మొండి చేపలు ఉన్నవారు తొట్టి బయట ఒక పక్కన అద్దం పెడితే, అవి తమ ప్రతిబింబంతోనే పోట్లాడుకుంటూ కొత్తదాన్ని వదిలేస్తాయి. కొంతమంది రాళ్ల అమరికను మార్చి పాత చేపల హద్దులు చెరిపేస్తారు. నా తొట్టిలో పగడాలు రాళ్లను పట్టుకుని పెరిగాయి కనుక ఆ పని నా వల్ల కాదు.

దీపాలు ఆరిన తర్వాత పెట్టె తలుపు తీసి వదిలేశాను. మూత వల సందుల్లేకుండా ఉందో లేదో వేళ్లతో తడిమి చూశాను. బెదిరిన గ్రామా పైకి ఎగిరి నేల మీద పడడం చాలామంది ఇళ్లలో జరిగిందే. మర్నాడు దీపాలు వెలిగే సమయానికి అది ఎడమవైపు రాతి కింది గుహలో, పొట్టను గుహ పైకప్పు వైపు పెట్టి, తలకిందులుగా నిలబడి ఉంది. మా ఇంట్లోవాళ్లు చేపకు ఏదో అయిందని నన్ను నిద్రలేపారు. గుహల్లో ఉండే గ్రామాకు ఏ గోడ దగ్గరగా ఉంటే పొట్ట ఆ గోడ వైపు తిప్పుకోవడం అలవాటని చెప్పి, మైసిస్ తీసి కరగబెట్టాను. క్లౌన్ చేప వచ్చేలోపే అది గుహలోంచి దూసుకొచ్చి, తన వాటా తీసుకుని, మళ్లీ తలకిందులైంది.